పెటీ లే మాన్స్‌లో ఏది మేలు: క్యాడిలాకా, పోర్షేనా, అక్యూరానా?

అమెరికాలో స్పోర్ట్స్‌కార్ రేసులు నడిపే సంస్థ ఇంసా, దాని సీజన్‌లో చివరి రేసు పెటీ లే మాన్స్ దగ్గరపడితే చాలు, ఏ కారు మేలు అని మొదలైపోతుంది. నన్నడిగితే ముందు ఒకటి తేల్చుకోవాలి, ఆ ఒక్క రోజు గెలవాలా లేక సీజన్ టైటిల్ కొట్టాలా అని, ఎందుకంటే రెండిటికీ జవాబు ఒకటి కాదు.

ముందు ట్రాక్ సంగతి. జార్జియాలో బ్రాసెల్టన్ దగ్గరున్న రోడ్ అట్లాంటా, ల్యాప్ 4 కిలోమీటర్ల పైచిలుకు, 12 మలుపులు, పది గంటల రేసు, మధ్యాహ్నం మొదలై రాత్రికి అయిపోతుంది. దానిమీద నాలుగు క్లాసుల కార్లు, దాదాపు 50, అంటే సగటున 80 మీటర్లకో కారు ఉన్నట్టు. అన్నిటికన్నా ఫాస్ట్ క్లాసు జీటీపీ, అంటే రేసు కోసమే కట్టిన ప్రొటోటైప్ కారుకి ల్యాప్ 70 సెకన్ల చుట్టుపక్కల, మామూలు స్పోర్ట్స్ కార్ల నుంచి తయారైన జీటీడీ కారుకి ఇంకో పది సెకన్లు ఎక్కువ, కాబట్టి ఖాళీ రోడ్డు అనేదే దొరకదు. వెనక స్ట్రెయిట్ అయ్యాక 10ఎ మలుపు దగ్గర గట్టిగా బ్రేక్ కొట్టాలి కదా, అక్కడ ముందు జీటీడీ కారు ఉంటే, వాడు వాడి క్లాసులో ఇంకెవరితోనో కొట్టుకుంటూ ఉంటాడు, నిన్ను చూశాడో లేదో తెలీదు. ఆగితే టైమ్ పోతుంది, దూరితే బాడీవర్క్ పోతుంది. రేసు నిజంగా అక్కడే గెలుస్తారు, అక్కడే పోగొట్టుకుంటారు.

ఇప్పుడు కార్లు. క్యాడిలాక్‌ది 5.5 లీటర్ల వీ8, టర్బో లేదు, ఛాసిస్ డల్లారా. పోర్షే 963ది 4.6 లీటర్ల ట్విన్ టర్బో వీ8, ఛాసిస్ మల్టీమాటిక్. అక్యూరా ఏఆర్ఎక్స్-06ది 2.4 లీటర్ల చిన్న ట్విన్ టర్బో వీ6, ఛాసిస్ ఒరెకా. కానీ సీసీలు చూసి ఎవరూ మోసపోవద్దు, హైబ్రిడ్ మోటార్ మూడింటికీ బాష్ కంపెనీదే, గేర్‌బాక్స్ మూడింటికీ ఎక్స్‌ట్రాక్ కంపెనీదే, బరువూ పవరూ బ్యాలెన్స్ ఆఫ్ పర్ఫార్మెన్స్ పేరుతో ఇంసానే సర్దుతుంది. కాబట్టి తేడా వచ్చేది స్ట్రెయిట్‌లో కాదు, ట్రాఫిక్‌లో స్లో కారు వెనక ఇరుక్కుని మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, ఇంకా చల్లటి టైర్లతో పిట్ నుంచి బయటికొచ్చినప్పుడు. ఇంసాలో టైర్లని ముందే వేడి చేసే వార్మర్లు లేవు, అక్టోబర్ రాత్రి ట్రాక్ చల్లబడితే ఆ మొదటి ల్యాప్ ప్రాణసంకటమే. టర్బో లేని క్యాడిలాక్ ఇంజిన్ తొక్కినంత మేరకే లాగుతుంది, డ్రైవర్‌కి నమ్మకం ఉంటుంది, నా ఓటు అందుకే దానికి. 2024లో గనాసీ టీమ్ క్యాడిలాక్ గెలిచింది, 2025లో వేలెన్ 31 నంబర్ క్యాడిలాక్ గెలిచింది.

మరి పోర్షే? వాటిని నడిపే పెన్‌స్కీ టీమ్‌ది వేరే దారి. డ్రైవర్లు 2024లో నాసర్, క్యామెరాన్, 2025లో క్యాంప్‌బెల్, జామినే, రెండేళ్ళూ టైటిల్ వాళ్ళదే, రెండేళ్ళూ ఈ రేసు మాత్రం వేరేవాళ్ళు గెలిచారు. దీన్ని లోటు అనను నేను. పాయింట్లు చేతిలో ఉన్నోడు 10ఎ దగ్గర ఎందుకు దూరతాడు? సీజన్ మొత్తానికి కారు ఎంచుకోమంటే కళ్ళు మూసుకుని పోర్షే అంటాను.

టైటిల్ లెక్కలు నెత్తిమీద ఉన్నప్పుడు ఏమవుతుందో 2023లో చూశాం. మొదటి మలుపు దగ్గర డెరానీ క్యాడిలాక్, అల్బుకర్క్ అక్యూరా తగులుకున్నాయి, అక్యూరా వెళ్ళి బ్యారియర్‌లో పడింది, టైటిల్ క్యాడిలాక్‌కి పోయింది. రేసు గెలిచింది ఎవరంటే ఆ గొడవలో లేని మేయర్ షాంక్ అక్యూరా. ఆ టీమ్‌కి ఆ కారుతో ఆ విడతలో అదే ఆఖరి రేసు! మరుసటి ఏడాది గెలిచిన గనాసీకి కూడా ఇంసాలో క్యాడిలాక్‌తో అదే ఆఖరిది. పోయేవాళ్ళకి పోగొట్టుకునేది ఏమీ ఉండదు, అందుకే ఈ రేసులో ఫామ్ ఎంత చూస్తానో ఎవరికి పాయింట్లతో పనిలేదో కూడా అంతే చూస్తాను.

అక్యూరా విషయంలో మాత్రం కారు కన్నా టీమ్ ముఖ్యం. 2022లో, జీటీపీకి ముందున్న డీపీఐ క్లాసు కారుతో కూడా, గెలిచింది ఇదే మేయర్ షాంక్. 2025లో మళ్ళీ అక్యూరాతోనే తిరిగొచ్చారు కాబట్టి వీళ్ళని తీసిపారేయలేం. బీఎమ్‌డబ్ల్యూ ఫాస్టే కానీ ఇక్కడ నా లిస్టులో నాలుగోదే. ఆస్టన్ మార్టిన్ వాల్కిరీ అయితే అసలు హైబ్రిడ్డే లేని 6.5 లీటర్ల వీ12తో మొదటి ఏడాదే, 2025లో, ఇక్కడ రెండో స్థానంలోకి వచ్చేసింది, ఆ సౌండ్ విన్నాక దాని మీద ప్రేమ ఆపుకోవడం కష్టం, కానీ పందెం కాయమంటే ఇంకో ఏడాది చూస్తాను.

వాన పడితే ఇదంతా పక్కన పెట్టేయాల్సిందే. 2015లో అలాగే కుండపోత పడి, ప్రొటోటైప్‌లన్నిటినీ వెనక్కి నెట్టి జీటీ క్లాసు పోర్షే 911 ఆర్‌ఎస్‌ఆర్ మొత్తం రేసే గెలిచేసింది, టాండీ, పిలే వాళ్ళ కారు. కాబట్టి వాతావరణం తేడాగా ఉందని తెలిస్తే జీటీపీలు వదిలేసి జీటీ కార్ల క్లాసు జీటీడీ ప్రో లిస్టు కూడా ఓసారి చూసుకోండి.