బుక్ చేసింది 2023, చేతికొచ్చింది 2019: గోల్డ్‌వింగ్ మీద ఆరు రోజులు

ఆరు రోజులపాటు మా ఆవిడ తన హెల్మెట్‌ను చంటిపిల్లలా చంకనేసుకుని తిరిగింది. రెస్టారెంట్‌లోకి, రెస్ట్‌రూమ్‌లోకి, జలపాతం దాకా దిగే మెట్ల మీదా అదే. బండి వెనక అంత పెట్టె ఉండి రెండు హెల్మెట్లు పట్టకపోవడమేమిటని మొదటిరోజు పొద్దున్నే అడిగింది. "సర్దడంలో ఉంటుంది, పడతాయని నేను చదివాను" అన్నాను. ఒకటి పక్కకి తిప్పి, ఒకటి బోర్లా పెట్టాను. రెండూ బోర్లా పెట్టాను. మూత పడలేదు. పక్కన తన హార్లీ రోడ్‌గ్లైడ్ బైకు మీద కూర్చుని చూస్తున్న మా బావమరిది "బావా, నువ్వు చదివిన బండి వేరేమో" అన్నాడు. వెటకారానికే అన్నాడు గానీ, అదే నిజమని రెండో రోజు రాత్రి తెలిసింది.

2023 అక్టోబరు, ఆకులు రంగు మారే వారం. వర్జీనియాలో మా ఇంటి నుంచి స్కైలైన్ డ్రైవ్ అనే కొండదారి, అక్కణ్ణుంచి బ్లూ రిడ్జ్ పార్క్‌వే, చివర డీల్స్ గ్యాప్ వంకర్లు, తిరుగు ప్రయాణం హైవే మీద. ఇదీ మా పథకం. బావమరిదికి సొంత హార్లీ ఉంది. నాకు లేదు. కొనాలని నాలుగేళ్ళుగా ఇంట్లో అర్జీ పెట్టుకుంటున్నాను, కాబట్టి ఆరు రోజులు వెనక కూర్చోబెట్టి తీర్పు ఆమెకే వదిలేద్దామని హోండా గోల్డ్‌వింగ్ టూర్ బైకును అద్దెకు తీసుకున్నాను. రోజుకు 229 డాలర్లు, ఆరు రోజులకు 1,374. ఇన్సూరెన్సు రోజుకు 38 చొప్పున 228. డిపాజిట్ కింద కార్డు మీద 2,000 పట్టి ఉంచారు. బుకింగులో "2023 మోడల్, డీసీటీ" (గేర్లు తనే మార్చుకునే రకం) అని ఉంది. దాని కింద చీమతలకాయంత అక్షరాల్లో "లేదా ఇలాంటిది" అని కూడా ఉంది. అది నేను చూడలేదు.

స్కైలైన్ డ్రైవ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అప్పట్లో బండికి 25 డాలర్ల టికెట్, 105 మైళ్ళు, గంటకు 35 మైళ్ళు దాటకూడదు. జింకలు అడ్డం వస్తాయి. బిగ్ మెడోస్ దగ్గర బ్లాక్‌బెర్రీ ఐస్‌క్రీమ్ పై మాత్రం తినకుండా వెళ్ళకండి. ఒకటి తెచ్చుకుని ముగ్గురం పంచుకుందామనుకున్నాం, చివరికి మూడు తెప్పించాం.

ఆ రోజంతా నా పోరాటం ఎడమచేతితో. డీసీటీకి క్లచ్ ఉండదు, కాలికింద గేరు లివర్ ఉండదు. ఏడు గేర్లూ బండే మార్చుకుంటుంది. బుల్లెట్ మీద నేర్చుకున్న చెయ్యి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా లేని క్లచ్‌ను నొక్కబోయి గాలిని పిసుకుతుంది. మధ్యాహ్నానికి అలవాటైంది. ఒక్క ఫిర్యాదు: టూర్ మోడ్‌లో పై గేర్లకు తొందరపడుతుంది. దిగుడు మలుపుల్లో ఇంజిన్ పట్టు లేక బండి జారిపోతున్నట్టుంటే ఎడమ బొటనవేలితో మైనస్ బటన్ నొక్కి గేరు దించుకోవాలి. అది తెలిశాక, 1833 సీసీల ఆరు సిలిండర్ల ఇంజిన్ నడుస్తోందో లేదో మీటరు చూసి తెలుసుకోవాల్సినంత నున్నగా పోయింది. ఆగినప్పుడల్లా బావమరిది కుడితొడ మీది వేడికి కాలు బయటికి చాపి కూర్చునేవాడు. మేము హాయిగా ఉండేవాళ్ళం. "దానికి స్టీరింగ్ ఒక్కటే తక్కువ బావా" అన్నది ఆ కడుపుమంటతోనే.

పార్క్‌వే 469 మైళ్ళు. లారీలు రావు, టోల్ లేదు, 45 మైళ్ళ వేగ పరిమితి, రోడ్డు మీద ఒక్క గ్యాస్ స్టేషనూ ఉండదు. ఊళ్ళలోకి దిగి పెట్రోలు పోయించుకోవాలి. మా బండి ట్యాంకు ఐదున్నర గ్యాలన్లు, మామూలు గ్యాస్ తాగుతుంది. హార్లీకి ప్రీమియం పట్టాలి. మొత్తం 1,270 మైళ్ళకు నాకు 104 డాలర్లయింది, వాడికి 126. వాడు వినేలా ఈ లెక్క నాలుగుసార్లు చెప్పాను.

రెండో రోజు సాయంత్రానికి మా ఆవిడ నడుం పట్టుకుంది. వెనక సీటు మెత్తగానే ఉంది, చేతులు ఆనించుకోవడానికి చోటుంది, కానీ వీపు ఆనే దిండు మరీ నిటారుగా ఉందంది. బస్సులో ముందు సీటు కడ్డీకి వీపు పెట్టినట్టుందట. నాకు అనుమానమొచ్చింది. 2021లో హోండా ఈ బండికి చేసిన మార్పులు రెండు ముఖ్యమైనవి: వెనక పెట్టెను 50 లీటర్ల నుంచి 61కి పెంచి రెండు పెద్ద హెల్మెట్లు పట్టేలా చేశారు, వెనకవాళ్ళ దిండును కాస్త వెనక్కి వాల్చారు. మాకు వచ్చిన రెండు ఇబ్బందులూ సరిగ్గా ఆ రెండే. ఫ్లాయిడ్ అనే ఊళ్ళో గది తలుపు ముందు ఫోన్ లైటు వేసుకుని బండి కాగితం తీశాను. వాహనం నంబరు పదిహేడు అక్షరాల్లో పదోది మోడల్ సంవత్సరం చెబుతుంది. 2023 అయితే పి ఉండాలి. అక్కడ కె ఉంది. కె అంటే 2019.

అదే దుకాణం 2019 బండిని రోజుకు 179 డాలర్లకు ఇస్తోందని వాళ్ళ సైట్లోనే ఉంది. అంటే రోజుకు 50 చొప్పున 300 డాలర్లు నా దగ్గర అదనంగా లాగారు. రంగూ రూపూ దాదాపు ఒకటే కాబట్టి ఎవరు పోల్చుకుంటారులే అనుకున్నారు. ఫోన్ చేస్తే "అవైలబిలిటీ బట్టి ఇస్తాం సర్" అన్నాడు. మరి ధర అవైలబిలిటీ బట్టి తగ్గదా అంటే మేనేజరు సోమవారం వస్తాడన్నాడు. అద్దెకు తీసుకునేవాళ్ళు దయచేసి తాళం చేతికి రాకముందే ఆ పదో అక్షరం చూడండి.

ఇక మూడో రాత్రి సంగతి. పార్క్‌వే దిగాక కొండవాలులో ఓ మోటెల్. సీజను కాబట్టి 189 డాలర్లు, టాక్సులతో 213. బయట "బైకర్లకు స్వాగతం" అని ఇంత పొడుగు బోర్డు. లోపలికి తిరిగితే పార్కింగంతా కంకర, అదీ కిందికి వాలుగా. చినుకులు. మా ఆవిడ దిగింది. నేను బండి ముక్కు పల్లానికి పెట్టి, సైడ్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపి ఆఫీసు వైపు రెండడుగులు వేశాను.

వెనక కంకర నలిగిన చప్పుడు.

క్లచ్చున్న బండిని గేర్లో ఉంచి ఆపితే చక్రం కదలదు. డీసీటీ బండి ఆపగానే న్యూట్రల్‌లోకి పోతుంది. అందుకే చేత్తో లాగే పార్కింగ్ బ్రేక్ ఇచ్చారు. అది నేను లాగలేదు. బండి ఒక అడుగు ముందుకు దొర్లింది, స్టాండు మడుచుకుంది, 380 కిలోలూ దున్నపోతు బురదలో పడుకున్నట్టు ఏ తొందరా లేకుండా ఎడమవైపుకి ఒరిగిపోయింది. పూర్తిగా పడలేదు. ఇంజిన్ పక్కనున్న గార్డు మీదా, వెనక పక్కనుండే పెట్టె కింది గార్డు మీదా ఆగి, ఏటవాలుగా నన్ను చూస్తోంది. "దెబ్బ తగిలిందా?" అంది మా ఆవిడ. నన్నా బండినా అన్నది ఇప్పటికీ తేలలేదు.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఆఫీసులో మనిషి కిటికీలోంచి అంతా చూసి కూడా లేవలేదు. స్టాండు కింద పెట్టుకోవడానికి చెక్కముక్క ఉందా అని అడిగితే, ఎనిమిది మైళ్ళ అవతల హార్డ్‌వేర్ షాపుందన్నాడు. "పార్కింగ్ మీ బాధ్యత" అని గోడ మీద కాగితం చూపించాడు. స్వాగతం బోర్డు కంటే ఆ కాగితం చాలా చిన్నది. గదిలో వేడినీళ్ళు పది నిమిషాలు వచ్చాయి. బావమరిది ముందు స్నానానికి వెళ్ళాడు.

లేపింది తోటి బైకర్లు. డెబ్బై దాటిన ఓ పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చి, ఇద్దరం లాగబోతుంటే ఆపాడు. హ్యాండిల్‌ను నేలవైపుకి పూర్తిగా తిప్పించాడు. నన్ను బండికి వీపు పెట్టి నిలబడమన్నాడు. పిరుదులు సీటు అంచుకు ఆనించి, ఒక చెయ్యి హ్యాండిల్ కింద, ఒక చెయ్యి వెనక కడ్డీకి. ఇక ఎత్తొద్దు, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడువు అన్నాడు. నడిచాను. లేచింది. అవతలి వైపుకి పడకుండా బావమరిది పట్టుకున్నాడు, ఒంటిమీద తువ్వాలుతో.

ఆ తర్వాత వరండాలో గంటన్నర ఈ బండి మీద చర్చ. పెద్దాయనది పాత గోల్డ్‌వింగే, 1500. అమెరికాలో ఒహాయోలోని మేరీస్‌విల్‌లో తయారైంది, మీది జపాన్ నుంచి దిగింది అని ముందే తేల్చేశాడు. వెనక్కి నడిపే రివర్స్ అంటే కొత్తగా మురిసిపోతున్నావుగానీ మాకు 1988 నుంచే ఉంది అన్నాడు. ఆయన దృష్టిలో 2018లో బండిని కొత్తగా చేసి పాడుచేశారు. బరువు తగ్గించామంటూ ట్యాంకు తగ్గించారు, పెట్టెలు తగ్గించారు, ముందు అద్దం కురచ చేశారు, పొడుగువాళ్ళకి గాలి నెత్తిన కొడుతుంది. "మా ముసలాళ్ళ బండిని కుర్రాళ్ళకిచ్చేశారు" అన్నది ఆయన మాటల సారాంశం.

పక్కగది ఆవిడకు బీఎండబ్ల్యూ కె1600 జీటీఎల్ ఉంది. 160 హార్స్‌పవర్. మాది 125 దగ్గర. ఓవర్‌టేక్ చేసేటప్పుడు తేడా తెలుస్తుందని మర్యాదగానే చెప్పింది. కానీ ఊళ్ళో నెమ్మదిగా తిప్పాల్సొస్తే గోల్డ్‌వింగే నయం, బరువంతా కింద ఉంది అని ఒప్పుకుంది. అది నిజం. ఆ ఇంజిన్ సిలిండర్లు అటు మూడు, ఇటు మూడు అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి కదిలాక బరువు మాయమైపోతుంది. నాకు బాగా నచ్చింది మాత్రం ముందు చక్రం అమరిక. మామూలు బైకుల్లో చక్రాన్ని రెండువైపులా పట్టుకునే గొట్టాల్లాంటి ఫోర్కులు కాదు, కార్లలా రెండు చేతులతో చక్రాన్ని పట్టే డబుల్ విష్‌బోన్. హ్యాండిల్ ముందు కిందికి చూస్తే, గుంట వచ్చినప్పుడు ఆ చేతులు పైకీ కిందికీ ఊగడం కంటికి కనిపిస్తుంది. అరచేతులకు మాత్రం కబురందదు. బీఎండబ్ల్యూ ఆవిడ తనదీ ఫోర్కుల్లేని అమరికే అంటే, బావమరిది తన హార్లీకి ఫోర్కులున్నాయని, ఫోర్కులుంటేనే బైకని వాదనకు దిగాడు. ఇక పడుకోవడానికి వెళ్ళిపోయాం.

నాలుగో రోజు లిన్ కోవ్ వయాడక్ట్ అనే వంతెన, యాష్‌విల్, మ్యాగీ వ్యాలీ. బాగుంది. పార్క్‌వేలో అన్నిటికంటే ఎత్తైన చోట, 6,053 అడుగుల బోర్డు పక్కన ఫొటో దిగాం, హెల్మెట్ చంకలో ఉంది.

డీల్స్ గ్యాప్‌లో 11 మైళ్ళకు 318 మలుపులు. ఇద్దరితో, ఈ బరువుతో వద్దని అందరూ అన్నారు. మా ఆవిడ కూడా అక్కడ దిగి కాఫీ తాగుతానంది. నిజం చెప్పాలంటే మలుపులకి బండి ఎంత సుళువుగా వాలిందో, ఒకటి రెండుచోట్ల ఫుట్‌పెగ్ రోడ్డుకి రాసుకుంటే తప్ప నాకు తెలివి రాలేదు. ఎనిమిదో మైలు దగ్గర వెనకాల స్పోర్ట్స్ బైకులు తోసుకొస్తుంటే పక్కకు తప్పుకున్నాను. మళ్ళీ వెళ్తానా అంటే, వెళ్ళను. ఆ రోడ్డు ఈ బండి పని కాదు.

దీని పని ఆరో రోజు చేసింది. ఇంటిదాకా 460 మైళ్ళు, ఐ-81 హైవే మీద లారీల మధ్య. ముందు అద్దాన్ని బటన్‌తో పైకి లేపి, వేగం ఒకేలా ఉంచే క్రూజ్ వేసుకుని కూర్చున్నాను. ఫోన్ తెరమీదకి తెచ్చే కార్‌ప్లే మాత్రం విసిగించింది, వైరు పెట్టాలి, పైగా హెల్మెట్‌లో హెడ్‌సెట్ జత కలిస్తేగానీ రాదు. మధ్యాహ్నం రెండింటికి హెడ్‌సెట్‌లో మా ఆవిడ మాట ఆగిపోయింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను. అద్దంలో చూస్తే జాకెట్టు మడిచి నడుం వెనక దోపుకుని, తల పక్కకి వాల్చి నిద్రపోతోంది. లారీల మధ్య 70 మైళ్ళ వేగంలో. నాలుగేళ్ళ అర్జీకి అంతకంటే మంచి జవాబు నేను ఆశించలేదు. లేపలేదు, పక్క ఎగ్జిట్‌లో ఆగాల్సింది ఆగలేదు.

బండి అప్పగించినప్పుడు కౌంటరు కుర్రాడు గార్డు మీద గీత చూసి వెంటనే 285 డాలర్లు రాశాడు. ఇచ్చేశాను, పడేసింది నేనే. మరి మోడల్ తేడా 300 అంటే, అదే "లేదా ఇలాంటిది" లైను మీద వేలు పెట్టాడు. మా ఆవిడ ముందుకొచ్చి చంకలో హెల్మెట్‌ను కౌంటరు మీద పెట్టింది, నావైపు చెయ్యి చాపి నాదీ తీసుకుని దాని పక్కన పెట్టింది. "రెండూ ఆ పెట్టెలో పెట్టి మూత వేసి చూపించు, మేం వెళ్ళిపోతాం" అంది. పాపం ఆ కుర్రాడు నిజంగానే బయటికొచ్చి ప్రయత్నించాడు. ఒకటి పక్కకి, ఒకటి బోర్లా. సోమవారం మేనేజరు ఫోన్ చేసి 150 డాలర్లు వెనక్కి వేస్తానన్నాడు. మూడు వారాల తర్వాత చూస్తే, కార్డులో 90 పడ్డాయి.