రూట్ వర్డ్స్ కార్డులు: 'పాదం' కట్టలో ఏం బాగుంది, ఏం తేడా కొట్టింది

జీఆర్ఈకి చదువుతున్న మా చెల్లి కోసం ఇంగ్లిష్ రూట్ వర్డ్స్ (మాటల వెనకున్న లాటిన్, గ్రీకు మూలాలు) కార్డుల పెట్టె ఆన్‌లైన్‌లో తెప్పించాం. బ్రాండ్ పేరు అనవసరం. మొత్తం పెట్టె గురించి కాదు, 'పాదం' కట్ట గురించే రాస్తున్నా, మంచీ చెడూ రెండూ దాంట్లోనే బయటపడ్డాయి.

పాదం అనే అర్థమున్న లాటిన్ 'పెడ్' కార్డులకి వంక పెట్టక్కర్లేదు. పెడల్, పెడెస్ట్రియన్ లాంటి తేలికవి ఒక్క కార్డులో కానిచ్చేసి, అసలు కష్టపెట్టే మాటల మీద పడ్డారు. కాళ్లకి బంధం పడితే ఇంపీడ్ (అడ్డుపడటం), ఆ బంధం వదిలిస్తే ఎక్స్‌పిడైట్ (త్వరగా జరిపించడం) అని ఒకే కార్డుకి అటొకటి ఇటొకటి వేశారు, ఇక మర్చిపోవడం కష్టం. పెడిగ్రీ అయితే నాకు కొత్త: పాత ఫ్రెంచ్‌లో 'కొంగ కాలు' అట, వంశావళి రాసేటప్పుడు గీసే గీతలు కొంగ కాలి వేళ్లలా ఉండేవని. కుక్కపిల్లల్ని అమ్మేవాళ్లు తెగ వాడే మాటలో కొంగ ఉంది!

గ్రీకు 'పాడ్' దగ్గరికొచ్చేసరికి గాడి తప్పింది. ట్రైపాడ్, ప్లాటిపస్ అనే జంతువు, గ్రీకు కథల్లో కాళ్లు వాచిన రాజు ఈడిపస్ వరకు ఓకే. ఆక్టోపస్‌కి బహువచనం 'ఆక్టోపై' ఒక్కటే ఇచ్చారు, అది లాటిన్ మాట అనుకుని పుట్టించిన రూపం, ఆక్టోపసెస్ అంటే సరిపోయేది. దీన్నైనా వదిలేయొచ్చు గానీ పీడియాట్రిక్స్, ఆర్థోపెడిక్స్ రెండింటినీ తెచ్చి పాదాల్లో కలిపేశారు, ఇది మాత్రం ఘోరం. అక్కడున్నది గ్రీకులో పిల్లలకి వాడే మాట. 1741లో నికొలా ఆంద్రీ అనే ఫ్రెంచ్ డాక్టరు పిల్లల శరీరంలో వంకరలు సరిచేయడం గురించి రాస్తూ ఆర్థోపెడీ అని పేరు పెట్టాడు. కాలు విరిగితే వెళ్లేది అక్కడికే కదా అని వీళ్లు పాదం అనుకున్నట్టున్నారు. పాడ్‌కాస్ట్ కూడా ఇందులోనే పెట్టారు, ఐపాడ్‌లోంచి వచ్చిన మాటకి పాదంతో ఏం పని?

తెలుగు మీడియం వాళ్లకైతే ఇంకా సులువుగా చెప్పొచ్చు. నత్తల్లాంటి గాస్ట్రోపొడాని ఉదరపాదులని, ఆక్టోపస్ లాంటి సెఫలోపొడాని శీర్షపాదులని జువాలజీలో ఎప్పుడో బట్టీపట్టేశాం. మన పాదం, వాళ్ల పెడ్, పాడ్ అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవే, పైజామాలో ఉన్న పారసీ 'పాయ్' కూడా. ఆ ముక్క ఏ కార్డులోనూ లేదు.

నా రేటింగ్ మూడు స్టార్లు. అట్ట గట్టిదే, అక్షరాలే మరీ చిన్నవి. ఆఫర్‌లో వస్తే తీసుకోండి, ఆ డాక్టర్ల కార్డులు మాత్రం ముందే తీసేయండి.