వెనిస్‌లో వివాల్డి పేరు చెప్పి మా దగ్గర 105 యూరోలు తీసుకున్నారు

వెనిస్ వెళ్లేవాళ్లు ఒక్క మాట వినండి. ఊరి మధ్యనున్న సెయింట్ మార్క్స్ చర్చి దగ్గర తెల్ల విగ్గులు, జరీ కోట్లు వేసుకుని కచేరీ టికెట్లు అమ్మేవాళ్ల దగ్గర ఏమీ కొనకండి.

మా పాప ఆరేళ్లుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. 300 ఏళ్ల క్రితం వెనిస్‌లో అనాథాశ్రమాల ఆడపిల్లలు వయొలిన్ వాయిస్తే వినడానికి దేశదేశాల వాళ్లు వచ్చేవారని ఎక్కడో చదివి, అక్కడికి వెళ్లాల్సిందేనని పట్టుబట్టింది. నేను, పాప, అత్తయ్య బయల్దేరాం. వెనిస్‌కు పక్కనే ఒడ్డునున్న మెస్త్రెలో గది రెండు రాత్రులకు 188 యూరోలు. శుభ్రంగానే ఉంది. వాటర్ బస్సు ఒకసారి ఎక్కితే 9.50 యూరోలు. మూడుసార్లు ఎక్కేటట్టయితే 25 యూరోల రోజు టికెట్టే నయం.

మొదటి సాయంత్రమే మోసపోయాం. "వివాల్డి ఆడపిల్లలకు పాఠాలు చెప్పిన చోటే కచేరీ" అన్నాడు టికెట్లమ్మే అబ్బాయి. వివాల్డి అంటే ఆ కాలంలో వెనిస్‌లో పేరుమోసిన వయొలిన్ విద్వాంసుడు, స్వరకర్త. మనిషికి 35 యూరోలు. తీరా చూస్తే అది ఎక్కడో సందులో అద్దెకు తీసుకున్న హాలు. విగ్గులు పెట్టుకున్న ఆరుగురు మగవాళ్లు వివాల్డి రచన ‘ఫోర్ సీజన్స్’లోంచి కాస్త కాస్త వాయించి, 50 నిమిషాల్లో లేచిపోయారు. ఆ ఆడపిల్లల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కౌంటర్‌లో అడిగితే "అది పాత కథ" అని మొహం తిప్పేసుకుంది అక్కడున్నావిడ. పాప కళ్లనిండా నీళ్లు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పి, పైగా ఎక్కడ చూసినా మెట్ల వంతెనలే. ఆ రాత్రి గదికి చేరేదాకా ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే రివా దెలి స్కియవోని ఒడ్డునున్న పియెటా అనాథాశ్రమం దగ్గరికి వెళ్లాం. కథంతా ఇక్కడిదే. 1346లో మొదలైన ఆశ్రమం ఇది. వివాల్డి 1703లో వయొలిన్ మాస్టరుగా ఇక్కడ చేరాడు. 1709లో తీసేశారు, 1711లో మళ్లీ పిలిచారు. ఆయన చర్చి అని అందరూ ఫొటోలు తీసుకునే తెల్లటి కట్టడం మాత్రం ఆయన చూసింది కాదు. ఆయన 1741లో వియన్నాలో చనిపోయాడు, దీన్ని కట్టడం మొదలుపెట్టింది 1745లో. పాత చర్చి ఉన్న చోట, పక్కనే, ఇప్పుడు హోటల్ ఉంది. అయినా లోపలికి వెళ్లండి. పైన రెండు వైపులా ఇనుప జాలీలున్న బాల్కనీలు కనిపిస్తాయి. పిల్లలు ఆ జాలీల వెనక నిలబడి పాడేవారు. కింద కూర్చున్నవాళ్లకు గొంతు వినిపించేదే తప్ప మనిషి సరిగ్గా కనిపించేది కాదు. చర్చి కాబట్టి చప్పట్లు కొట్టకూడదు. దగ్గి, కాళ్లు నేలకు రాసి మెచ్చుకునేవారట.

బయటికొచ్చి పక్క సందులోకి తిరిగితే గోడలో ఒక రాతి ఫలకం ఉంది. పెంచగల స్తోమతు ఉండి కూడా బిడ్డను వదిలేసేవాళ్లకు శాపం తగులుతుందని 1548లో పోప్ పేరు మీద చెక్కించారు. అత్తయ్య దాని ముందు చాలాసేపు నిలబడిపోయింది.

ఆ సందులోనే ఉన్న చిన్న మ్యూజియం కోసమైనా వెనిస్ వెళ్లవచ్చంటాను. అది ఎప్పుడు పడితే అప్పుడు తెరిచి ఉండదు, ముందే అడిగి వెళ్లండి. పిల్లలు వాయించిన వాయిద్యాలున్నాయి. వాటికన్నా నన్ను కదిలించినవి గాజు కింద పెట్టిన సగం సగం వస్తువులు. బిడ్డను వదిలేటప్పుడు తల్లి ఒక పతకాన్నో, కాగితం బొమ్మనో రెండుగా కోసి, ఒక ముక్క బిడ్డతో ఉంచి రెండోది తను దాచుకునేది, ఎప్పటికైనా వచ్చి గుర్తుపట్టి తీసుకెళ్దామని. "రెండో ముక్క పట్టుకుని ఎవరూ రాలేదేమోనే" అంది అత్తయ్య. మోకాళ్ల మాట ఆ రోజు మళ్లీ ఎత్తలేదు.

ఆ పిల్లలకు ఇంటిపేరు లేదు. వాయిద్యమే ఇంటిపేరు. ‘వయొలిన్ అన్నా మరియా’ అలా పెరిగిన పిల్లే. వివాల్డి ఆమె కోసం కచేరీ రచనలు చేశాడు, ఆమె తర్వాత తనే గురువైంది. 1782లో చనిపోయేదాకా పియెటాలోనే ఉంది. 1716లో వివాల్డి ‘జుడితా ట్రియంఫాన్స్’ అనే పాటల కథ రాస్తే, అందులో సేనాధిపతి పాత్రతో సహా అన్నీ ఆడపిల్లలే పాడారు. పెళ్లి చేసుకుని వెళ్లిపోతే మాత్రం బయట కచేరీలు చేయనని ఒప్పుకోవాల్సి వచ్చేది. అంత చదువు చెప్పి ఆ షరతేమిటని పాపకు కోపం. నాకూ కోపమే.

టైముంటే పియెటాలాంటి ఇంకో ఆశ్రమం ఒస్పెదలెత్తోలోని సంగీత గది కూడా చూడండి. అదీ ముందే బుక్ చేసుకోవాలి. గోడ మీద గ్రీకుల సంగీత దేవుడు అపోలో చుట్టూ వాయిద్యాలతో ఆడపిల్లలున్నారు. వాళ్లలో ఒకమ్మాయి కుక్కపిల్లకు తినడానికేదో పెడుతోంది. పాప ఆ బొమ్మ దగ్గర్నుంచి కదల్లేదు. ఆ అమ్మాయి పేరేమిటని గైడును మూడుసార్లు అడిగింది.