‘స్టూడియో ఆర్ట్’ కోర్సుకి డబ్బు కట్టే ముందు మీ క్లాసు జరిగే గది చూడండి

డిగ్రీ చదువుతూ శని, ఆదివారాల్లో బొమ్మలు నేర్చుకుందామని అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌లో నేను చేరిన ఇన్‌స్టిట్యూట్ మీద ఫిర్యాదు నడుస్తోంది, అందుకే పేరు రాయడం లేదు. కానీ వాళ్లు నన్ను ఎలా మోసం చేశారో తెలిస్తే మీరు ఎక్కడైనా గుర్తుపట్టగలరు.

నేను బీకాం రెండో సంవత్సరం. మూడు నెలల కోర్సుకి ఫీజు 28,000, మెటీరియల్ కిట్‌కి ఇంకో 6,500. అమ్మ చిట్టీ పాడి ఆ డబ్బు కట్టింది. పెన్సిల్, చార్‌కోల్, వాటర్ కలర్, ఆయిల్, క్లే మోడలింగ్ అన్నీ నేర్పిస్తామన్నారు. బ్యాచ్‌కి పన్నెండు మందే అన్నారు. డెమో క్లాసు వేరే బ్రాంచిలో చూపించారు. అక్కడ ఈజిళ్లు (షీటు నిలబెట్టి గీసే స్టాండ్లు), కిటికీ పక్కన కుండలు, వాటి వెనక మడతలు పెట్టి వేలాడదీసిన గుడ్డ అన్నీ ఉన్నాయి. అది చూసి మురిసిపోయి అదే రోజు మొత్తం కట్టేశాం.

మా క్లాసులు మాత్రం ఒక ట్యూషన్ సెంటర్ పై అంతస్తులో. ముప్పై నాలుగు మందిమి, స్కూలు బెంచీలు, పైన వరసగా ట్యూబ్‌లైట్లు. మొదటి రోజు తలా ఒక సినిమా హీరో ఫోటో ప్రింటవుట్ ఇచ్చి, దాని మీద గళ్లు గీసి, షీటు మీదా గళ్లు గీసి, గడి గడికీ కాపీ చేయమన్నారు. ఐదు వారాలు అదే పని. గళ్ల పద్ధతిని తప్పు పట్టడం లేదు, చిన్న బొమ్మని పెద్దది చేయడానికి ఎప్పటి నుంచో ఉన్నదే. కానీ దానికి స్టూడియో ఎందుకు? ఎదురుగా ఉన్న వస్తువుని చూసి, చెయ్యి చాచి పెన్సిల్‌తో కొలత పట్టి, వెలుగు ఎటు నుంచి పడుతోందో గమనించి గీయాలి. ఫోటోలో ఆ పనంతా కెమెరాయే ముందుగా చేసేసి ఉంటుంది. మనకి మిగిలేది నకలు తీయడమే.

ఆరో వారం నేనే ఇంటి నుంచి పెరుగు తోడుపెట్టే మట్టి ముంత పట్టుకెళ్లాను. బెంచీ మీద పెడితే దాని చుట్టూ మూడు నాలుగు పల్చటి నీడలు, అన్ని వైపులా లైట్లే కదా. ఏది గీయాలని సార్‌ని అడిగితే, “కుడివైపు ఒకటి వేసెయ్, చాలు” అన్నారు. నాకు మనసొప్పలేదు. మెట్ల దగ్గర ఒక కిటికీ ఉంటే, ముంతని అక్కడ మెట్టు మీద పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు కనిపించాయి అసలు సంగతులు. ముంత చీకటివైపు చివరి అంచున, మెట్టు మీద పడి తిరిగొచ్చిన వెలుగు సన్నటి గీతలా ఉంది. మూతి, చేతి గాజుని వాలుగా పట్టుకుని చూసినట్టు నొక్కుకుపోయి ఉంది. అడుగు వంపు మూతి వంపుకన్నా ఎక్కువగా ఉంది. మూడు నెలల్లో నేను నేర్చుకున్నది ఆ నలభై నిమిషాల్లోనే. అది కూడా క్లాసు బయట.

ఇక దిద్దడం అంటే, సార్ మన షీటు తీసుకుని ముక్కూ కళ్లూ తనే గీసేయడం. తర్వాత దాన్ని ఫోటో తీసి ‘మా విద్యార్థి నాలుగో వారంలో వేసిన బొమ్మ’ అని ప్రకటనలో పెట్టడం. నేను చేరడానికి కారణం అలాంటి ఫోటోలే అని తెలిసినప్పుడు చాలా బాధేసింది.

కిట్‌లో వాటర్ కలర్‌కి ఇచ్చిన కాగితం తడి తగలగానే అప్పడంలా ఉబ్బింది, రంగు అవతలి వైపుకి దిగిపోయింది. వాటర్ కలర్‌కి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం కావాలని తర్వాత తెలిసింది. పల్చటి కార్ట్రిడ్జ్ షీటు పెన్సిల్ పనికే సరిపోతుంది. కోఠీలో అడిగితే ఆ కిట్ సామానంతా కలిపి 2,300 అన్నారు. ఆయిల్ క్లాసు మొదటి రోజు కిటికీలు మూసిన ఏసీ గదిలో టర్పెంటైన్ డబ్బాలు తెరిచారు. గంటలో సగం మందికి తలనొప్పి. దాంతో ఆయిల్ మానేసి అక్రిలిక్‌తో సరిపెట్టారు. క్లే అసలు రానేలేదు.

‘ప్రభుత్వ గుర్తింపు’ సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పాలి. ఇచ్చింది వాళ్ల సొంత లెటర్‌హెడ్ మీద కొట్టిన కాగితం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు వేరే ఉన్నాయి. గుర్తింపు అని ఎవరైనా అంటే, ఏ పరీక్ష, ఎవరు పెడతారు అని సూటిగా అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. బొమ్మల్లో డిగ్రీ, అంటే బీఎఫ్ఏ కోర్సే నాలుగేళ్లు. అలాంటిది మూడు నెలల వారాంతాల్లో ఐదు మాధ్యమాలు నేర్పిస్తామన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

డెమో చూడకండి, మీ బ్యాచ్ కూర్చునే గదినే, క్లాసు జరుగుతున్నప్పుడు చూపించమనండి. అక్కడ గీయడానికి వస్తువులు ఉన్నాయా, ఒకే వైపు నుంచి వెలుగు పడేలా ఒక కిటికీయో ఫోకస్ లైటో ఉందా, ఇదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. బయట నుంచి సామాను తెచ్చుకోవచ్చా అని అడగండి. ఫీజు నెలనెలా కడతాననండి. ‘ఫీజు వాపసు ఇవ్వబడదు’ అన్న ముక్క మా రసీదు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అడిగిన ప్రతిసారీ దాన్నే చూపించారు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మనం కట్టింది ఐదు లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదుకి ఫీజు లేదు, కానీ రెండేళ్లలోపు వేయాలి. కరపత్రం, రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటీ డిలీట్ చేయకండి. నా దగ్గర కరపత్రం ఉండబట్టే ‘పన్నెండు మంది’ అన్న మాటని వాళ్లు కాదనలేకపోయారు.

ఇంకొకటి. బొమ్మలు వాళ్ల దగ్గర ఉంచమంటే, ముందు ఫోటో తీసుకుని, షీటు వెనకాల పేరు, తేదీ రాసి ఇవ్వండి. నా ముంత బొమ్మ ఇప్పటికీ వాళ్ల రిసెప్షన్ గోడ మీదే ఉంది. వెనకాల నా పేరు లేదు.