కిర్గిజ్‌స్తాన్‌కి సైకిళ్ల మీద: పొయ్యి ఏది, ఇంధనం ఏది

సైకిలు మీద విదేశం తిరగబోతున్నాం అంటే విజయవాడలో సైకిలు సంగతి ఎవరూ అడగరు. "మరి తిండెట్లా?" అంటారు. కిందటి జులైలో నేనూ, గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా స్నేహితుడూ కిర్గిజ్‌స్తాన్ వెళ్లే ముందు మూడు నెలలు కొట్టుకున్నదీ దాని గురించే. టెంటు సంగతి ఒక్క పూటలో తేలింది. పొయ్యి దగ్గర మాత్రం మాటా మాటా పెరిగి, వారం పాటు ఒకరి ఫోను ఒకరు ఎత్తలేదు. చివరికి ఎవరి పొయ్యి వాళ్లం కొనుక్కున్నాం. వాడిది గ్యాసు డబ్బా నెత్తిన బిగించే బుల్లి బర్నరు, గుప్పిట్లో దాగిపోతుంది. నాది ఎమ్మెస్సార్ కంపెనీ విస్పర్‌లైట్ ఇంటర్నేషనల్. పెట్రోలు సీసాకి చిన్న పంపు బిగించి, సన్న గొట్టంతో బర్నరుకి కలపాలి.

నా మొగ్గు అటు పోవడానికి కారణం మా అమ్మమ్మ. వన్‌టౌన్ ఇంట్లో ఆవిడ దగ్గర ఇత్తడి పంపు స్టవ్వు ఉండేది. గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి వెలిగించి, బర్నరు కాగిందాకా ఓపిక పట్టి, అప్పుడు పంపు కొట్టేది. ఓపిక లేక నేను ముందే కొడితే పచ్చటి మంట ఎగిసి గోడంతా మసి. స్వీడన్‌లో 1892లో ప్రైమస్ పేరుతో పుట్టిన ఆ పొయ్యికీ నేను కొన్నదానికీ కీలకం ఒక్కటే. నూనెని ముందు కాచి ఆవిరి చేసి, ఆ ఆవిరిని మండించడం. కిరసనాయిలు పోస్తే జెట్టు, అంటే ఆవిరి చిమ్మే సన్న రంధ్రం ఉన్న ముక్క, మార్చుకోవాలి, పెట్రోలు పోస్తే మార్చక్కర్లేదు. అంతే తేడా.

మావాడి వాదన కూడా కొట్టిపారేసేది కాదు. "మావా, తిప్పితే వెలగాలి, ఆపితే ఆరాలి. పొద్దున్నే నీ పంపులెవడు కొడతాడు?" అన్నాడు. నిజమే. అసలు చిక్కు పొయ్యిలో లేదు, దిగిన ఊళ్లో ఏ ఇంధనం దొరుకుతుందన్న దానిలో ఉంది. విమానంలో గ్యాసు డబ్బా గానీ పెట్రోలు గానీ ఏ సామానులోనూ పెట్టనివ్వరు. ఒట్టి పొయ్యి పట్టుకెళ్లి, అక్కడ దొరికింది పోసుకోవాల్సిందే.

ఆ దొరికేది దేశానికొక రకం. స్వీడన్ వైపు స్పిరిట్‌తో మండే ట్రాంజియా పొయ్యి హాయి. చప్పుడుండదు, చెడిపోయే భాగమే లేదు. కాకపోతే స్పిరిట్‌లో వేడి తక్కువ, బరువుకు బరువు చూస్తే పెట్రోలులో మూడింట రెండొంతులు కూడా ఉండదు. ఫ్రాన్సు, స్పెయిన్‌లలో గ్యాసు డబ్బాలు విరివిగానే దొరుకుతాయి గానీ, అక్కడ ఎక్కువగా కనిపించే క్యాంపింగాజ్ డబ్బా మూతికీ మరలు తిప్పి బిగించే బర్నరుకీ పొత్తు కుదరదు, అడాప్టరు ఉండాలి. పేర్ల గొడవ ఇంకొకటి. ఇంగ్లండులో పారఫిన్ అన్నా, జర్మనీలో పెట్రోలియం అన్నా మన కిరసనాయిలే. ఫ్రాన్సులో పెట్రోలు కావాలంటే 'ఎస్సాన్స్' అనాలి. 'గాజోల్' అని రాసి ఉంటే అది డీజిలు. రష్యన్ మాట నడిచే చోట 'బెంజిన్' అంటే చాలు, పెట్రోలు వస్తుంది. మేం వెళ్లేది అక్కడికే కాబట్టి నేను పంతం వదల్లేదు.

వెళ్లే ముందు డాబా మీద పరీక్ష పెట్టుకున్నా. బంకులో సీసాలో పొయ్యం అన్నారు, స్కూటరు ట్యాంకులోంచి తీసుకున్నా. ఆటోనగర్‌లో ఒకాయన పల్చటి అల్యూమినియం రేకు మడతలు పెట్టి గాలికి అడ్డు చేసిచ్చాడు. ఇద్దరికి సరిపడా ఉప్మా బ్రహ్మాండంగా వచ్చింది. అమ్మ మాత్రం మెట్ల దగ్గరే నిలబడి, "ఇల్లు తగలెట్టకురా నాయనా" అంటూ బకెట్టుతో నీళ్లు పట్టుకునే ఉంది.

ఆ పరీక్షే కొంప ముంచింది. దారిలో ఒక విమానాశ్రయంలో పొయ్యి సంచీ తెరిపించి, సీసా మూత తీసి వాసన చూసి, పెద్ద సీసా పక్కన పెట్టేశారు. ఎంత కడిగినా పెట్రోలు వాసన పోలేదు మరి. ఇందులో నాదే తప్పు. వాడిన సీసాకి పద్ధతి ఉంది: పూర్తిగా వంపేసి కనీసం గంట ఆరనిచ్చి, ఆ తర్వాత మూత లేకుండా ఆరు గంటలైనా ఉంచాలి, లేదా వంటనూనె పోసి తిప్పి పారబోయాలి. ఆపైన పీల్చే కాగితంలో చుట్టి ప్లాస్టిక్ సంచీలో పెట్టాలి. విమాన సంస్థ అనుమతి కూడా ముందే తీసుకోవాలి. ఇదంతా నేను చదివింది సీసా పోయాక. అదృష్టం కొద్దీ 325 మిల్లీలీటర్ల చిన్న సీసా ఒకటి కొత్తది, సీలు తియ్యనిది ఉంది. యాత్రంతా దానితోనే లాగించా. ఇద్దరికి రెండు పూటలా వండితే రెండున్నర రోజులు.

బిష్కెక్‌లో దిగిన గెస్ట్‌హౌసుకి మంచి మార్కులే వేస్తాను. సైకిళ్లు బిగించుకోడానికి పెరడు, ఖాళీ అట్టపెట్టెలు తిరుగు ప్రయాణం దాకా దాచే గది, వంటింటి పక్కన ఒక అలమర. అలమరలో పోయినవాళ్లు వదిలేసిన సగం సగం గ్యాసు డబ్బాలు. మావాడు ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టి ఊపి చూసి, రెండు తీసుకున్నాడు. ఆ సాయంత్రం మెడిసిన్ చదివే మన పిల్లలు మెస్సుకి తీసుకెళ్లి పప్పుచారు, అప్పడాలు పెట్టారు. పొట్లం కట్టి కందిపొడి కూడా ఇచ్చారు. ఊళ్లో వంట సమస్యే కాదని అక్కడే తేలిపోయింది. పొయ్యి అక్కరపడేది ఊరు దాటాకే.

బంకుల్లో ముందు డబ్బు కట్టాలి, తర్వాతే గన్ను పని చేస్తుంది. రెండొందల మిల్లీలీటర్లు కావాలంటే కిటికీలో ఆవిడకి అర్థం కాలేదు. పక్కన కారులో పోయించుకుంటున్న పెద్దాయన సైగ చేసి, తన గన్ను నా సీసాలోకి ఒక్క క్షణం నొక్కాడు. డబ్బు తీసుకోలేదు. ఆ తర్వాత ప్రతిసారీ అదే పద్ధతి. 92 రకం పెట్రోలు పోస్తే చాలు, పొయ్యికి ఖరీదైనది దండగ. సీసాలో గీత దాటి పొయ్యకూడదు, గాలికి చోటుండాలి.

బిష్కెక్ దాటాక బూమ్ లోయ దారంతా లారీలు. కోచ్‌కోర్ దాకా వ్యానులో పోవడమే మేలు, మేం అదే చేశాం. కోచ్‌కోర్‌లో ఇంటి బస శుభ్రంగా ఉంది, రొట్టెలు, జామ్, టీ వద్దన్నా ఆగవు. అక్కణ్ణుంచి కల్మక్-అషూ కనుమ ఎక్కి సోన్-కుల్ సరస్సు. రెండు రోజులు పట్టింది, సగం దూరం తోసుకుంటూనే.

సరస్సు 3,016 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు దాదాపు 90 డిగ్రీలకే మరుగుతాయి. బియ్యం ఉడికినట్టే ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే పలుకు. కుక్కరు లేకపోతే అన్నం ఆశ వదులుకోవాలి. అటుకులు, ఉప్మా రవ్వ, సేమ్యా ఆదుకున్నాయి. పెసరపప్పు మధ్యాహ్నమే సీసాలో నానబోసి సంచీలో వేసుకుంటే రాత్రికి నయం.

మొదటి పొద్దున చలి ఎముకలు కొరికింది. మావాడి గ్యాసు వెలిగింది గానీ మంట చిటికెన వేలంత. అలమర డబ్బాల్లో ఒకదాన్లో బ్యూటేన్ పాలు ఎక్కువ; సున్నా డిగ్రీలకు చేరేసరికి అది ఆవిరి కానని మొరాయిస్తుంది. ప్రొపేన్, ఐసోబ్యూటేన్ కలిసిన రెండో డబ్బా ఫరవాలేదు. ఆ రాత్రి నుంచి వాడు డబ్బాని పసిపిల్లలా పక్కలో వేసుకుని పడుకున్నాడు. గాలి ఎక్కువని నా రేకు అడ్డు అడిగాడు, ఇవ్వలేదు. డబ్బా నెత్తినే బర్నరుంటే దాని చుట్టూ పూర్తిగా రేకు చుట్టకూడదు. వేడి లోపలే నిలిచి డబ్బా పేలొచ్చు. పిసినారితనం అనుకున్నాడు.

నాదేమో అసలు వెలగనే లేదు. పంపు నొక్కితే గాలి చేరడం లేదు, కాడ మాత్రం బిగుసుకుంది. తీసి చూస్తే లోపల తోలు వాషరుకి తెల్లగా మైనంలా ఏదో పట్టింది. బయల్దేరే ముందు తోలు ఎండకూడదని కొబ్బరినూనె దట్టించాను. మే నెల విజయవాడలో అది నీళ్లలా ఉంది. ఇంట్లో సంక్రాంతి చలికే సీసాలో గడ్డకట్టే నూనె, మూడు వేల మీటర్ల మీద ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచించలేదు. వాషరుని అరచేతుల మధ్య పెట్టి రుద్ది, నోటితో ఆవిరి ఊది, గుడ్డతో తుడిచి, పక్కనున్న యుర్తా (ఉన్ని గుడారం) పెద్దావిడ ఇచ్చిన పొద్దుతిరుగుడు నూనె రెండు చుక్కలు రాసేసరికి అరగంట. తర్వాత లీటరు నీళ్లు అయిదు నిమిషాల్లో తెర్లాయి. మావాడు టీ గ్లాసు చాపి, "నీ పంపే గెలిచింది, సరేనా" అన్నాడు.

చెట్టన్నది లేని ఆ మైదానంలో యుర్తాలో పొయ్యిలోకి వేసేది పిడకలే. తెజెక్ అంటారు. గోడ కట్టినట్టు పేర్చి ఉంచారు. భోగి మంట గుర్తొచ్చి నేనూ రెండు వేశాను. అక్కడ భోజనం కొనుక్కోవడమే తెలివి. మా చిన్న సీసా నాలుగు రోజులు రాదు, పైగా ఆ వేడి సూపు ముందు మా సేమ్యా ఏపాటిది.

నరీన్‌లో దిగిన పాత సోవియట్ కాలపు హోటలు మాత్రం మళ్లీ మొహం చూడను. వేణ్ణీళ్లు లేవు, సైకిళ్లు గదిలోకి రానివ్వలేదు. బజారులో మావాడికి దొరికినవన్నీ పొడుగు గ్యాసు డబ్బాలు, మూతి కలవదు. అక్కణ్ణుంచి బిష్కెక్ దాకా ఇద్దరికీ నా పొయ్యే. బంకు పెట్రోలులో కలిపే మందుల వల్ల జెట్టు రెండుసార్లు మూసుకుపోయింది. పొయ్యిని కుదిపితే లోపలి సూది దాన్నదే శుభ్రం చేసుకుంటుంది. వచ్చే ఏడు స్పెయిన్ అనుకుంటున్నాం, అక్కడికి నేనే గ్యాసు అంటున్నాను.

చివరి రోజు మిగిలిన పెట్రోలు గెస్ట్‌హౌసు వాళ్ల మోటారు సైకిల్లో పోసి, సీసాలో వంటనూనె తిప్పి, మూత తీసి కిటికీలో ఒక పగలూ ఒక రాత్రీ పెట్టాను. విమానాశ్రయంలో ఒకావిడ సీసా ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్క క్షణం ఆగి పక్కనున్న అతనికి కూడా చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. సంచీ సర్దుతూ నేనూ చూశాను: నిన్నటి పకోడీల మూకుడు వాసన.