సాయినగర్ కన్సల్టెన్సీ వాళ్ల ‘చికాగో రూమ్ ప్యాకేజీ’: కాగితాల పనికి కట్టండి, మ్యాపును మాత్రం నమ్మకండి

మా తమ్ముని కూతురు చికాగోలో ఎమ్మెస్‌కు పోతాంది. సీటు ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, మన పిల్లలు ఐఐటీ చికాగో అంటారే, అదే. వీసా పనులు, ఎయిర్‌పోర్ట్ పికప్, రూమ్ వెతికిపెట్టడం అన్నీ కలిపి అనంతపురం సాయినగర్‌లో ఒక కన్సల్టెన్సీకి కట్టినాం. వాళ్ల పేరు రాయను. నేను చెప్పబోయే లోపం వాళ్లొక్కరిదే కాదు, అదే వీధిలో ఇంకోచోట విచారించినా అదే మాట విన్నా. నేను బ్యాంకులో చానా ఏళ్లు లోన్లు చూసి రిటైరైనవాణ్ణి. మా అబ్బాయి చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటాడు, వాడి దగ్గర కొన్నాళ్లు ఉండొచ్చినా. ఇక్కడి నుంచి, కడప నుంచి, కర్నూలు నుంచి పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు పనికొస్తుందని ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు బాగున్న సంగతులు. కాలేజీ పంపే ఐ-20 కాగితం చేతికొచ్చినప్పటి నుంచి, విదేశీ స్టూడెంట్ల రికార్డు కోసం కట్టే సెవిస్ ఫీజు, డీఎస్-160 అనే వీసా ఫారం, హైదరాబాద్ కాన్సులేట్ స్లాట్ దాకా అంతా పద్ధతిగా చేసినారు. ఫారంలో ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు పడలేదని అక్కడ పనిచేసే అమ్మాయే పట్టుకుంది. చెప్పిన ఫీజు మధ్యలో పెంచలేదు. ఫోన్ చేస్తే ఎత్తుతారు. ఎడ్యుకేషన్ లోన్‌కు ఏ కాగితం ఏ వరసలో పెట్టాలో వాళ్లిచ్చిన లిస్టు మా బ్యాంకు వాళ్లు ఇచ్చేదానికంటే బాగుంది. ఇంటర్వ్యూ ప్రాక్టీస్ కూడా బాగా చేయించినారు. ఇంతవరకు ఎవరైనా కళ్లకద్దుకుని తీసుకోవచ్చు.

రూమ్ సంగతికి వస్తా. ఒక కుర్రాడు, ధర్మవరం పిల్లోడు, ల్యామినేషన్ చేసిన చికాగో మ్యాపు టేబుల్ మీద పరిచినాడు. ఊరంతా మూడు రంగులు. “పెద్దాయనా, ఇది మా స్పెషల్. పచ్చ ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి. పసుపు పర్వాలేదు. ఎరుపులో మాత్రం వద్దే వద్దు” అన్నాడు. “మరి పాప కాలేజీ యాడుంది నాయనా?” అంటే పెన్నుతో చూపించినాడు. ఎరుపు మధ్యలో ఉంది. కాలేజీ చుట్టూ నడిచిపోయే దూరంలో ఉన్న వీధులన్నీ ఎరుపే. ఎందుకని అడిగినా. “అదంతా బ్లాక్ ఏరియా. మనోళ్లు ఉండరు.”

“అయితే అక్కడ రంగు చూడటం ఇంకా ఉందంటావా?”

“అబ్బే, అవన్నీ పాతకాలం మాటలు పెద్దాయనా. ఒబామా రెండుసార్లు గెలిచినాడు గదా. ఇప్పుడేం లేదు.”

వివక్ష లేదన్న నోటితోనే నల్లవాళ్లుండే వీధిలో ఉండొద్దని చెప్పినాడు. ఆ పిల్లోణ్ణి తప్పుపట్టను. వాడు చికాగో చూడలేదు, హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి వచ్చిన కాగితం చదివినాడు. నా పక్కన కూర్చున్న మా పాప మాత్రం ఇంకా విమానం ఎక్కకుండానే, ముఖం కూడా చూడని మనుషుల్ని చూసి భయపడడం నేర్చుకుంటాంది. అది నాకు చానా కష్టంగా అనిపించింది. దానికి మేం డబ్బు కూడా కట్టినాం.

లోన్లు చూసిన మనిషిని గనక ఆ రంగుల సంగతి కొంచెం చెప్పాలి. 1933లో అమెరికా ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అని ఒక సంస్థ పెట్టింది. 1930ల చివర్లో ఆ సంస్థ పెద్ద ఊర్లకు మ్యాపులు గీయించింది. పచ్చ అంటే మేలైన వీధులు, ఆ తర్వాత నీలం, పసుపు అంటే దిగజారుతున్నవి, ఎరుపు అంటే ప్రమాదం. నల్లవాళ్లున్న పేటలకు దాదాపు ఎక్కడ చూసినా ఎరుపే పూసినారు. మా పాప కాలేజీ ఉన్న బ్రాంజ్‌విల్‌కు అప్పుడూ ఎరుపే. 1934లో మొదలైన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇట్లాంటి వీధుల్లో ఇంటిలోన్లకు గ్యారంటీ ఇయ్యలేదు. గ్యారంటీ లేని చోటికి ఏ బ్యాంకూ పోదు. లోన్ రాని వీధిలో ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. మిద్దె కారితే బాగుచేయించను డబ్బుండదు, అమ్ముదామంటే కొనేవాడికి లోన్ పుట్టదు, అంగడి పెట్టేవాడు పక్క పేటకు పోతాడు. కొన్నేళ్లకు ఆ వీధి మ్యాపులో రాసినట్టే తయారవుతుంది.

లోన్ దొరకని నల్లవాళ్లకు ఇండ్లు ఎట్ల అమ్మినారో మావాడు చెప్తే మొదట నమ్మలేదు. 1950లు, 60ల్లో దళారులు తెల్లవాళ్ల దగ్గరికి పోయి, మీ వీధిలోకి నల్లవాళ్లు వస్తున్నారని బెదిరించి తక్కువకు కొనేవాళ్లు. అదే ఇంటిని చానా ఎక్కువకు నల్లవాళ్లకు కంతుల మీద అమ్మేవాళ్లు. చివరి కంతు కట్టేదాకా రిజిస్ట్రేషన్ ఉండదు. ఒక్క కంతు తప్పితే ఇల్లూ పోతుంది, అంతవరకు కట్టిందీ పోతుంది. మన పల్లెల్లో పొలం తాకట్టు పెట్టుకుని వడ్డీ మీద వడ్డీ కట్టించుకున్నవాళ్లను చూసినాను గానీ, ఒక మహానగరంలో పేటలకు పేటల మీద ఇంత పద్ధతిగా జరిగిందంటే కడుపు రగులుతుంది. 1968లో లాండేల్ అనే పేటలో ఆ కంతుదార్లంతా సంఘం కట్టి కొట్లాడినారు.

ఇది ముగిసిపోయిన కథ అనేవాళ్లకు ఒక్క లెక్క చెప్తా. 2020లో అక్కడి డబ్ల్యూబీఈజెడ్ రేడియో, సిటీ బ్యూరో అనే వార్తాసంస్థ కలిసి 2012 నుంచి 2018 దాకా చికాగోలో ఇచ్చిన ఇంటిలోన్లు లెక్కతీసినారు. తెల్లవాళ్లు ఎక్కువున్న పేటల్లో బ్యాంకులు ఒక డాలర్ ఇస్తే, నల్లవాళ్లు ఎక్కువున్న పేటల్లో 12 సెంట్లు ఇచ్చినాయి. వీధిని చూసి లోన్ ఆపగూడదని 1977లోనే అక్కడ చట్టం వచ్చింది. ఆ చట్టం కోసం పోరాడినవాళ్లలో ముందున్నది చికాగో ఆడమనిషే, గేల్ సిన్‌కాటా. చట్టం వచ్చి నలభై ఏళ్లయినాక కూడా 12 సెంట్లు. ఆ నగరంలో తెల్లవాళ్లు, నల్లవాళ్లు, లాటినోలు ఇంచుమించు మూడు సమాన భాగాలుగా ఉన్నారు, కానీ ఒకే వీధిలో కలిసి ఉండేది తక్కువ.

నా కళ్లతో చూసిందొకటి ఉంది. ఒక సాయంత్రం డౌన్‌టౌన్‌లో రెడ్ లైన్ రైలెక్కి దక్షిణం వైపు పోయినా. ఎక్కేటప్పుడు పెట్టె నిండా అన్ని రకాల మనుషులు. రూజ్‌వెల్ట్ దగ్గర తెల్లవాళ్లు చానామంది దిగినారు. సర్మాక్-చైనాటౌన్‌లో చైనావాళ్లు దిగినారు. సాక్స్-35 స్టేషన్‌లో పుస్తకాల బ్యాగులతో స్టూడెంట్లు, వాళ్లలో తెలుగు పిల్లలు కూడా. ఆ తర్వాత 95వ వీధి దాకా పెట్టెలో నల్లవాళ్లు, నేను. పక్క సీట్లో ఒకామె నర్సు యూనిఫాంలో కూర్చుని తల కిటికీకి ఆనించి నిద్రపోతాంది. ఎవరూ నన్ను కదిలించలేదు, ఒకాయన మాత్రం ఏ ఊరని అడిగి, తిరిగి పోయేటప్పుడు ఏ వైపు ప్లాట్‌ఫాంలో నిలబడాలో చూపించినాడు. ఆ రైలు డాన్ రయన్ అనే పెద్ద హైవే నడిమధ్యలో పోతుంది. ఆ రోడ్డు 1960ల మొదట్లో వచ్చింది. దానికి పడమర బ్రిడ్జ్‌పోర్ట్, అప్పటి చికాగో మేయర్ డేలీ ఉండిన పేట, అప్పట్లో తెల్లవాళ్లది. తూర్పున బ్రాంజ్‌విల్. రోడ్డుకు ఆనుకునే 1962 నాటికి రాబర్ట్ టేలర్ హోమ్స్ అని 28 బ్లాకులు కట్టి, ఒక్కోదాంట్లో 16 అంతస్తులు, పేద నల్లకుటుంబాలను అందులో పెట్టినారు. 2007 నాటికి అవన్నీ కూలగొట్టినారు.

కాలేజీలో మన పిల్లలంతా ఫోటో దిగే క్రౌన్ హాల్ అనే అద్దాల మేడ ఉంది. మీస్ వాన్ డెర్ రో అనే ఆర్కిటెక్ట్ గీసింది, 1956లో పూర్తయింది. దాని అడుగున ఉన్న నేల మీద అంతకుముందు మెక్కా ఫ్లాట్స్ ఉండేది, వందలాది నల్లవాళ్లు కాపురముండిన అపార్ట్‌మెంట్. లోపలివాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడినా కాలేజీ 1952లో దాన్ని పడగొట్టింది. అక్కడికి దగ్గర్లోనే సరస్సు ఒడ్డున 29వ వీధి బీచి ఉండేది. 1919 జులై 27న యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ల నల్లపిల్లోడు తెప్ప మీద తేలుతూ తెల్లవాళ్ల వైపు నీళ్లలోకి పోయినాడని రాళ్లేసినారు, ఆ పిల్లోడు మునిగి చచ్చిపోయినాడు. తర్వాత జరిగిన అల్లర్లలో 38 మంది పోయినారు. ఎరుపు పూసిన కాగితంలో ఈ సంగతులు ఒక్క ముక్క లేవు. మా పాపకు ఇవన్నీ నేనే కూర్చోబెట్టి చెప్పినా.

నేరాల భయం ఒట్టిదని నేను అనను. ఆడపిల్లను పంపుతున్నాం, ఆ భయం నాకూ ఉంది. కానీ ఏ వీధిలో దీపాలుంటాయి, కాలేజీ షటిల్ బస్సు ఎన్నింటిదాకా తిరుగుతుంది, రాత్రి లైబ్రరీ నుంచి తోడు వస్తారా, స్టేషన్ నుంచి ఇంటికి ఎంత నడక — ఇవి చెప్తే భయానికి మందు. “బ్లాక్ ఏరియా” అంటే ఏమీ చెప్పినట్టు కాదు. ఇంకో సంగతి, ఇల్లు చూపించే బ్రోకర్ కొనేవాడి రంగో, వీధిలోవాళ్ల రంగో చూసి ఈ పేటకు పో, ఆ పేటకు పోవద్దు అని మళ్లించడం అమెరికాలో 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టానికి విరుద్ధం. అక్కడ చేయగూడని పనిని ఇక్కడ సాయినగర్‌లో కూర్చుని ప్యాకేజీలో కలిపి అమ్ముతున్నారు.

ఇది మనకు కొత్త విద్య కాదు. నాతో పనిచేసిన ఒక ఆఫీసర్, ఎస్సీ, బదిలీ మీద ఈ ఊరొచ్చి ఇల్లు చూసుకున్నాడు. టు-లెట్ బోర్డు ఉంది, ఇల్లు నచ్చింది, అడ్వాన్స్ తీసుకున్నారు. మీదేం కులమని రెండోరోజు అడిగినారు. ఆ సాయంత్రమే, మా అల్లుడు వస్తున్నాడని చెప్పి డబ్బు తిరిగి చేతిలో పెట్టినారు. ఆ ఇల్లు నెలలు ఖాళీగా ఉండింది. బ్యాంకులో కూడా పేట పేరు చూసి అప్లికేషన్ అడుగుకు తోసే గుమస్తాలతో నేను కొట్లాడినా. మనలో చానామంది చికాగోలో ఫోన్ మీద యాస విని “ఇల్లు అయిపోయింది” అన్నారని బాధపడతారు, మావాడికీ ఒకసారి అయింది. ఆ బాధ తెలిసిన మనమే అదే మ్యాపు పట్టుకుని తిరగడం నేను ఒప్పుకోను.

చివరికి రూమ్ మేమే చూసుకున్నాం. ప్రొద్దుటూరు పిల్ల ఒకామె అదే కాలేజీలో సీనియర్, బ్రాంజ్‌విల్‌లోనే ఉంటుంది, ఆమె ద్వారా. మూడంతస్తుల పాత ఇటుక ఇల్లు, ఓనరమ్మ నల్లామె, రిటైరైన టీచర్. వీడియో కాల్‌లో ఫోన్ తిప్పి గోడవార ఉన్న ఇనుప రేడియేటర్, వెనక చెక్కమెట్లు, బట్టలుతికే మెషిన్ అన్నీ చూపించింది. పోపు పెడితే పొగ అలారం మోగుతుందేమోనని మా మరదలు అడిగించింది. వంటింటి కిటికీ తెరుచుకుని పెట్టుకోమంది, ఆమె కూడా మిరపకాయలు వేయిస్తుందట. హీటింగ్ అద్దెలోనే. అట్లాంటి ఇంట్లో సెప్టెంబర్ 15 నుంచి జూన్ 1 దాకా పగలు 68, రాత్రి 66 ఫారన్‌హీట్ డిగ్రీలకు తగ్గకుండా ఓనరే వేడి ఇవ్వాలని చికాగో నగరం రూలుంది. ఇది కూడా కన్సల్టెన్సీ వాళ్లు చెప్పలేదు.

మ్యాపు తీసేయమని మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇచ్చినా. హెడ్డాఫీసుకు పంపుతామన్నారు. ధర్మవరం పిల్లోడు మాత్రం నేను చెప్పిందంతా కాగితం మీద రాసుకున్నాడు, షటిల్ టైములు కాలేజీకి మెయిల్ పెట్టి కనుక్కుంటానన్నాడు.

వీసా, లోన్ కాగితాల పనికి ఐదుకు ఐదు. రూమ్ సర్వీసుకు ఒకటి. రూమ్ లేకుండా విడిగా ప్యాకేజీ ఇస్తారు, అడిగితేనే చెప్తారు, అది తీసుకోండి.