వాగ్దానాల డబ్బా రివ్యూ: కొనుక్కోండి గానీ పక్కన బైబిల్ పెట్టుకుని తీయండి

అందరికీ వందనాలు. క్రిస్టియన్ బుక్ స్టాల్స్‌లో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వాక్యాల కార్డులు అమ్ముతారు కదా, రోజూ పొద్దున్నే ఒకటి తీసి చదువుకునేవి, మా ఇంట్లో వాగ్దానాల డబ్బా అంటాం, ఈ రివ్యూ దాని గురించే. తయారుచేసినవాళ్ళ పేరు రాయట్లేదు, ఎందుకంటే మా చెల్లి దగ్గరున్నది వేరేవాళ్ళది, పక్కపక్కన పెట్టి చూస్తే మూత రంగు తప్ప పెద్ద తేడా కనపడలేదు.

ముందు వస్తువు సంగతి చెప్తా. కార్డులు విజిటింగ్ కార్డులో సగం ఉంటాయి, అట్ట మందంగానే ఉంది, నాలుగు రంగుల్లో వచ్చాయి. ఒకవైపు వాక్యం, వెనక రెండు లైన్ల ప్రార్థన. వాక్యం అక్షరాలు పర్లేదు గానీ కింద రిఫరెన్స్ మాత్రం చీమంత ఉంది, మా అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని కూడా అధ్యాయం ఏదో వచనం ఏదో పోల్చుకోలేకపోయింది. మూత కీలు నెల తిరక్కుండానే ఊడింది, ఇప్పుడు రబ్బరు బ్యాండ్ వేసి నడిపిస్తున్నాం. ధరకి తగ్గట్టే ఉంది, దాని గురించి గొడవ లేదు.

ఇది కొన్న టైమ్ ఎలాంటిదో కూడా చెప్పాలి, లేకపోతే నేను ఇంత పట్టి పట్టి ఎందుకు చదివానో మీకు అర్థం కాదు. మాది భీమవరం వైపు, వెనామీ రొయ్యల చెరువు లీజుకి చేస్తాం. రొయ్య కౌంట్‌కి, అంటే అమ్మే సైజుకి, రాకముందే వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చేసింది, అర్జెంటుగా పట్టుబడి చేసి చిన్న సైజులోనే ఇచ్చేశాం, మేత అప్పు అలాగే ఉంది, లీజు అలాగే ఉంది. దానికి తోడు 2025 ఆగస్టులో అమెరికా వాళ్ళు మన సరుకు మీద టారిఫ్, అంటే దిగుమతి సుంకం, 50 శాతం చేసేసరికి మిగతా చెరువులవాళ్ళు కూడా రేటు చూసి తలపట్టుకున్నారు, ఇంక చేబదులు అడగడానికి ఎవరున్నారు. ఆ రోజుల్లో పొద్దున్నే కార్డు తీయడం ఒక్కటే మా ఆయన నోరు తెరిచి మాట్లాడే టైమ్.

అలాంటి ఒకరోజు వచ్చింది యిర్మీయా 29:11. అందరికీ నోటికొచ్చిన వాక్యమే, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని ఉంటుంది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానంగా చాలామందికి ఇదే వస్తుంది, ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకుంటారు. మా ఆయన ఏదో కోపంలో ఉండి, ఎప్పుడట ఆ మంచి, డేటేమైనా వేశాడా అన్నారు. సరే అని బైబిల్ తీస్తే నిజంగానే వేశాడండి! పైన పదో వచనంలోనే ఉంది, డెబ్బై సంవత్సరాలు అని. ఇది బబులోనుకి చెరగా పోయినవాళ్ళకి యిర్మీయా రాసిన ఉత్తరం, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని ముందు చెప్పి ఆ తర్వాత ఈ మాట అంటాడు. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉంటాడు, ఆయనేమో రెండేళ్ళలో అంతా తిరిగొచ్చేస్తుంది అని గుడిలో అందరి ముందు చెప్తాడు, జనానికి వినడానికి ఎంత బాగుండి ఉంటుందో ఊహించుకోండి. కానీ అది దేవుడు పంపిన మాట కాదని అదే అధ్యాయంలో ఉంది. ఇదంతా చదివాక మా ఆయన నవ్వారు, చాలా రోజులకి. డెబ్బై ఏళ్ళు విని నవ్వుతారేంటి అంటే, "మరి ఇల్లు కట్టుకోమన్నాడుగా, అంటే అక్కడే వదిలేసి పోలేదన్నమాట" అన్నారు. కార్డు మీద ఇదేదీ లేదు, ఆ ఒక్క వచనం కత్తిరించి పూల బొమ్మ వేశారు.

అప్పట్నుంచి మాకు అదే అలవాటయింది, కార్డు తీయడం, వెంటనే ఆ అధ్యాయం మొత్తం చదవడం. పిల్లలు స్కూల్‌కి లేటవుతుందని గోల పెడతారు, అయినా సరే.

యోసేపు కార్డు ఇంకోటి. ఆదికాండము 39, యెహోవా యోసేపుకి తోడై ఉన్నాడు, చెరసాల అధిపతి ఆయన్ని దయగా చూసేలా చేశాడు అని. కార్డులో చదివితే ఇంక విడుదలే అనిపిస్తుంది కదా. కానీ ఆ కటాక్షం దొరికింది జైల్లో, దొరికాక కూడా ఆయన జైల్లోనే ఉన్నాడు! 40వ అధ్యాయంలో తనతో జైల్లో ఉన్న పానదాయకుడికి, అంటే ఫరో రాజుకి ద్రాక్షారసం అందించేవాడికి, కల అర్థం చెప్పి, నన్ను గుర్తుపెట్టుకో బాబూ అని అడుగుతాడు, వాడు బయటికెళ్ళి మర్చిపోతాడు, 41 మొదలయ్యేదే రెండేళ్ళ తర్వాత. పదిహేడేళ్ళ పిల్లాడిగా మనకి కనపడ్డవాడు ఫరో ముందు నిలబడేసరికి ముప్పై ఏళ్ళవాడు. ఈ లెక్క తెలిసి ఆ కార్డు చదివితే వేరే బలం వస్తుంది, నా మట్టుకు నాకు అలాగే అనిపించింది. ఎందుకంటే అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడ్డ రోజున, దేవుడు నన్ను దయగా చూస్తే ఈయన ఇక్కడెందుకున్నాడు అనే ప్రశ్న కచ్చితంగా వస్తుంది. యోసేపు సంగతి తెలిస్తే ఆ రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చని తెలుస్తుంది.

హబక్కూకు కార్డు మాత్రం నాకు కొంచెం కోపం తెప్పించింది. నా కాళ్ళు లేడి కాళ్ళలా చేస్తాడు అనే 3:19 మాత్రమే వేసి, అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనులో పైరు పంటకి రాకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా అనే 17 వదిలేశారు. పంట పోయినవాళ్ళకి కావాల్సింది ఆ 17 కదండీ, అది లేకుండా లేడి కాళ్ళు ఏం చేసుకోవాలి. "నా కృప నీకు చాలును" కార్డు కూడా ఇంతే, పౌలు తన శరీరంలో ఉన్న ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, దానికి వచ్చిన జవాబే ఈ మాట అని ఎక్కడా ఉండదు.

ఇక కార్డు వెనకుండే ప్రార్థనలు. మొహమాటం లేకుండా చెప్తా, ఇవి బాలేవు. ఈ రోజే నా అద్భుతం, ఈ వారమే నా అప్పులన్నీ తీరతాయి, నా శత్రువులు సిగ్గుపడతారు, ఎక్కువ ఇదే వరస. హనన్యా గారు రాసినట్టున్నారు. మా అమ్మ వాళ్ళది ఒంగోలు బాప్టిస్టు కుటుంబం, చిన్నప్పుడు ఆ కొండ కథ ఎన్నిసార్లు విన్నానో. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా మిషనరీ జువెట్ దొర, ఆయన భార్య, తెలుగు విశ్వాసులు ముగ్గురు, మొత్తం ఐదుగురు కొండెక్కి ప్రార్థన చేశారు, అప్పటికి అమెరికాలో వాళ్ళు ఈ తెలుగు మిషన్‌లో ఫలితం లేదు మూసేద్దామా అని చూస్తున్నారు. ఒంగోలుకి అదే మిషన్ తరఫున క్లౌ దొర వచ్చింది 1866లో, అంటే పన్నెండేళ్ళకి. ఆ తర్వాత 1876-78 కరువు, క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్ళకి పని చూపించారు గానీ, కరువులో బాప్తిస్మాలు మాత్రం ఆపేశారు, కూటి కోసం ఎవరూ రాకూడదని. కరువు తీరాక 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ ఒక్కరోజు గురించే సాక్ష్యం చెప్తారు, మా అమ్మమ్మ మాత్రం ఎప్పుడూ ఆ ఐదుగురి గురించే చెప్పేది. వెనకవైపు రెండు లైన్లలో అలాంటిదేదైనా వేయొచ్చు కదా, చోటు ఉంది.

ఇంకో తప్పు కూడా ఉంది, ఒక కార్డులో కీర్తనలు 30:5 వాక్యం వేసి కింద వేరే నంబరు కొట్టారు, పెన్నుతో దిద్దుకున్నాం. ప్రూఫ్ చూసేవాళ్ళు లేరనుకుంటా. ఆ వాక్యం మాత్రం మా అత్తయ్యకి ప్రాణం, సాయంకాలం ఏడ్పు వచ్చినా ఉదయాన సంతోషం అని, ఆ కార్డు డబ్బాలో పెట్టనివ్వదు, తన దిండు కింద ఉంటుంది.

ఇన్ని తిట్టాను కదా మరి వద్దా అంటే, కాదు, కొనండి. కష్టంలో ఉన్నప్పుడు బైబిల్ తీసి ఎక్కడ్నుంచి చదవాలో తోచదు, మెదడు పనిచేయదు, అప్పుడు చేతికి ఒక చిన్న కార్డు దొరకడం మంచిదే, అది తలుపు తీస్తుంది. పైగా పిల్లలు పోటీపడి తీస్తారు, మా చిన్నాడికి తెలుగు చదవడం కాస్త వచ్చిందంటే దీనివల్లే. చెరువు సంగతి అడుగుతారేమో, మళ్ళీ రొయ్య పిల్ల వేశాం, ఈసారి కొంచెం తక్కువ వేశాం, నీళ్ళలోకి గాలి పట్టించే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతున్నాయి, అప్పు ఇంకా ఉంది.

నా రేటింగ్ ఐదుకి మూడు. అట్టకి ఒకటి, వాక్యాలకి రెండు, ప్రార్థనలకి సున్నా. పెద్దవాళ్ళ కోసమైతే పెద్ద అక్షరాల సెట్ ఉందేమో అడిగి తీసుకోండి, స్టాల్‌లోనే మూత తీసి రిఫరెన్స్ కనపడుతుందో లేదో చూసుకోండి. ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతున్నారు గానీ కార్డు వెనకవైపు ఫోటో పెట్టరు.